తకరజుక థియేటర్లో మా అత్తగారు "వన్స్ మోర్" అని అరిచారు, మా పరువు పోయినట్టేనా?

తెనాలి_కోడలు
ఇది 2024 జనవరి నాటి సంగతి. సిగ్గుతో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు అత్తయ్య మళ్ళీ జపాన్ వస్తున్నారు. ఫోన్లో మొదటి మాటే "ఆ ఆడపిల్లల నాటకానికి టికెట్లు తీశావా" అని. అందుకే అడుగుతున్నా.

మేముండేది కోబేలో. అప్పట్లో తకరజుక అనే ఆడవాళ్ళ నాటక సంస్థ వాళ్ళు మన ఆర్ఆర్ఆర్‌ని నాటకంగా వేస్తున్నారని ఆఫీసులో ఒకావిడ చెప్పింది. భీమ్, రామరాజు, తెల్లదొర, అందరి వేషాలూ ఆడవాళ్ళే వేస్తారంది. అత్తయ్యకి నాటకం అంటే ప్రాణం. ఎలాగో రెండు టికెట్లు దొరికాయి, రెండో అంతస్తులో వెనక బి సీట్లు, ఒక్కోటి 3,500 యెన్లు. మా ఆయన "పిల్లాణ్ణి నేను చూసుకుంటాలే" అని పెద్ద త్యాగం చేసినట్టు మొహం పెట్టి, ఇంట్లో క్రికెట్ చూస్తూ కూర్చున్నారు.

హాలు కిక్కిరిసి ఉంది. మా చుట్టుపక్కల మనవాళ్ళ మొహం ఒక్కటీ కనపడలేదు. నాటు నాటు వచ్చింది, జపనీస్ మాటలతో. ఏం ఆడారండీ, నా కాళ్ళు కుర్చీ కింద ఆగలేదు. పాట అయింది, చప్పట్లు మోగాయి, ఆగాయి. స్టేజీ మీద తర్వాతి మాట మొదలవబోతోంది. సరిగ్గా అప్పుడు నా పక్కనుంచి గొంతెత్తి "వన్స్ మోర్!" అని. ఒకసారి కాదు, రెండుసార్లు.

కుర్చీ కింద దూరిపోదామా అనిపించింది. ఒక్కరు కూడా తిరిగి చూడలేదు, దాంతో ఇంకా భయమేసింది. ఇంటర్వెల్లో లైట్లు వెలగగానే, అత్తయ్యకి అటుపక్క కూర్చున్న పెద్దావిడ సంచిలోంచి ఒక చప్పరించే బిళ్ళ తీసి అత్తయ్య చేతిలో పెట్టి, కాస్త తలవంచి వెళ్ళిపోయింది.

ఆ బిళ్ళకి అర్థం ఏమిటి? "ఇది నోట్లో వేసుకుని ఊరుకోండి" అనేనా? ఈసారి తీసుకెళ్ళాలా వద్దా?

బెంజ్_సర్కిల్
ముందు మీ అత్తగారికి పాదాభివందనం. తర్వాత మాట్లాడుకుందాం.

నిషికసాయి_నాని
నేను ఇదే నాటకం టోక్యోలో చూశా, 2024 మార్చిలో, హిబియా థియేటర్లో. ఉన్నమాట చెప్తున్నా, తప్పేనండి. అక్కడ చప్పట్లకి కూడా వేళలుంటాయి. టాప్ స్టార్ మొదటిసారి కనపడగానే కొడతారు, పాట అయ్యాక కొడతారు, చివర్లో తాళానికి తగ్గట్టు కొడతారు. మధ్యలో నోరు విప్పరు. నేను ఈల వేద్దామని రెండు వేళ్ళు నోటిదాకా తీసుకెళ్ళాను. పక్కావిడ ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చున్న పద్ధతి చూసి దించేశా.

సత్తిపండు
ఈల లేని ఆర్ఆర్ఆర్ ఏం ఆర్ఆర్ఆర్ బ్రో

నిషికసాయి_నాని
@సత్తిపండు సినిమాకైతే వేశారు. జపాన్లో సినిమా 2022 అక్టోబర్‌లో వచ్చింది, ఏడాది దాటినా ఎక్కడో ఒక హాల్లో ఆడుతూనే ఉంది. అరుపులకి, లైట్లూపడానికి ప్రత్యేకంగా మసాలా షోలు పెట్టేవాళ్ళు. అంటే అరవాలంటే అరిచే షోకి వెళ్ళాలి. నిశ్శబ్దంగా చూసే షోలో నిశ్శబ్దంగా ఉండాలి. మనకే రెండూ ఒకటి.

హైదరాబాద్_మీను
అయ్యో, మీరు ఆ నాటకం పెద్ద థియేటర్లో చూశారా!! నేను రెండేళ్ళుగా కుళ్ళుకుంటున్నా. భీమ్ వేషం రెయి మకొతొ కదా. స్టార్ ట్రూప్, అంటే నక్షత్రం బృందం, అప్పటి టాప్ స్టార్ ఆవిడే.

తెలియనివాళ్ళ కోసం: తకరజుకలో ఐదు బృందాలున్నాయి, పువ్వు, చంద్రుడు, మంచు, నక్షత్రం, విశ్వం. విశ్వం అన్నింటికంటే చిన్నది, 1998లో పుట్టింది. ప్రతి బృందానికీ ఒక టాప్ స్టార్, ఎప్పుడూ మగవేషం వేసే ఆవిడే. ఆవిడకి జోడీగా టాప్ హీరోయిన్. మగవేషాలవాళ్ళని ఒతొకొయాకు అంటారు, ఆడవేషాలవాళ్ళని ముసుమెయాకు అంటారు. ఒకసారి ఇటో అటో తేలాక దాదాపు జీవితాంతం అంతే.

బెంజ్_సర్కిల్
పువ్వు, చంద్రుడు, నక్షత్రం... ఇవి బృందాలా, మా కాలనీలో అపార్ట్‌మెంట్ల పేర్లా

తెనాలి_కోడలు
@హైదరాబాద్_మీను అవును, ఆవిడే. అత్తయ్యతో అదో గొడవ. "ఆ భీముడు అబ్బాయే, నువ్వు నాకు చెప్పొద్దు" అని కూర్చున్నారు. పుస్తకంలో ఫొటో చూపించా. "చూశావా, నేను చెప్పలా, క్రాఫు కూడా ఉంది" అన్నారు.

ఒసాకా_బాబాయ్
ఒసాకాలో ఇరవయ్యేళ్ళు పైబడిన అనుభవంతో చెప్తున్నా. ఆ బిళ్ళ గురించి భయపడకమ్మా. దాన్ని ఇక్కడ "అమె-చాన్" అంటారు, బిళ్ళగారు అన్నట్టు. ఒసాకా చుట్టుపక్కల పెద్దావిడల సంచిలో తాళంచెవులు లేకపోయినా అది మాత్రం ఉంటుంది. బస్సులో, ఆసుపత్రి వరండాలో, ముక్కూ మొహం తెలియనివాళ్ళ చేతిలో కూడా పెడతారు. నేను వచ్చిన కొత్తలో రైల్లో దగ్గుతుంటే ఒకావిడ ఇచ్చింది. "నన్ను దూరంగా పొమ్మంటోంది" అనుకుని తర్వాతి స్టేషన్లో దిగిపోయా, ఆఫీసుకి ఆలస్యంగా వెళ్ళా. ఆవిడేమో పాపం జాలిపడి ఇచ్చింది.

అంటే మీ అత్తగారిని ఆవిడ మెచ్చుకుంది. కనీసం మనలో మనిషే అనుకుంది.

నిషికసాయి_నాని
బాబాయ్, ఒప్పుకోను. మెచ్చుకుంటే మెచ్చుకున్నానని చెప్పొచ్చుగా. ఇక్కడ మర్యాదగా చెప్పే "వద్దు"లు వంద రకాలుంటాయి.

ఒసాకా_బాబాయ్
అది టోక్యో, నానీ. ఒసాకావాళ్ళు "వద్దు" అనాలంటే మొహం మీదే అంటారు.

వేపకాయ
అందరూ బిళ్ళ దగ్గరే ఆగిపోయారు. అసలు విషయం ఒకటి అడుగుతా. ఆడవాళ్ళు మీసం లేని మగాళ్ళలా నడుస్తూ, ప్రతి అరనిమిషానికీ క్రాఫు సర్దుకుంటూ, కనురెప్పలకి నీలం రంగు వేసుకుని... ఇది కృతకంగా లేదా? నేను యూట్యూబ్‌లో రెండు ముక్కలు చూశా. ఏ మగాడూ అలా ఉండడు.

వరంగల్_వనజ
@వేపకాయ అందుకే కదా టికెట్ కొనుక్కుని పోతున్నరు. ఉన్నట్టుండే మగాళ్ళు ఇంట్లో ఉచితంగా కనిపిస్తరు.

బెంజ్_సర్కిల్
నాకెందుకో గట్టిగా తగిలింది

సత్తిపండు
😂😂 థ్రెడ్ అయిపోయింది, అందరూ ఇళ్ళకి వెళ్ళండి

రంగస్థలం_రంగడు
వేపకాయ గారు అడిగింది మంచి ప్రశ్నే, కాబట్టి తాపీగా జవాబు చెప్తా. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు గారు తెనాలి రామవిలాస సభ నాటకాల్లో సత్యభామ వేస్తే ఊళ్ళకి ఊళ్ళు బళ్ళు కట్టుకుని వచ్చేవి. 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామ కూడా అంతే. ఏ ఆడమనిషి అయినా నిజంగా అలా నడుస్తుందా? నడవదు. నడకలో, చూపులో ఏది ఆడతనమో దాన్ని ఏరి, వడగట్టి ఆడారు వాళ్ళు. మనం దాన్ని కళ అన్నాం. అవతల ఆడవాళ్ళు మగతనాన్ని వడగడితే కృతకం అంటామా?

తెనాలివాళ్ళకి నాటకం గురించి చెప్పక్కర్లేదు. కోడలు గారూ, మీ అత్తగారి నాన్నగారు స్థానం వారిని చూసే ఉంటారు, అడగండి. అక్కడ "వన్స్ మోర్" అనకపోతే నటుడు ఇంటికెళ్ళి అన్నం తినేవాడు కాదు. చనిపోయిన పాత్ర లేచి పద్యం మళ్ళీ పాడి మళ్ళీ చచ్చిపోయిన సందర్భాలు నేను కళ్ళారా చూశా.

బెంజ్_సర్కిల్
లేచి పాడి మళ్ళీ చచ్చిపోవడం 👏 ఏ దేశంలో ఉంటుంది ఈ సర్వీసు

తెనాలి_కోడలు
రంగడు గారూ, అత్తయ్యని అడిగా ఇప్పుడే ఫోన్ చేసి. వాళ్ళ నాన్నగారు చూశారట, ఇంట్లో రోజూ చెప్పేవారట. అందుకే ఆవిడకి మగాడు ఆడవేషం వేయడం వింత కాదు. ఆడది మగవేషం వేయడమే నమ్మలేకపోయారు. "గొంతు అంత కింద ఎలా పెడుతుందమ్మా" అని ఒకటే ఆశ్చర్యం.

హైదరాబాద్_మీను
గొంతు ఊరికే రాదు ఆంటీ... సారీ, అక్కా. "ఒతొకొయాకుకి పదేళ్ళు" అని వాళ్ళలో ఒక సామెత. మగవేషం ఒంటబట్టడానికి పదేళ్ళు పడుతుందని. ముందు తకరజుక సంగీత పాఠశాలలో రెండేళ్ళు చదవాలి. 15 నుంచి 18 ఏళ్ళ లోపు అమ్మాయిలే, ఏడాదికి సుమారు 40 మంది. నాట్యం, పాట, నటన, టీ కాచే పద్ధతి దాకా నేర్పుతారు. స్టేజీ ఎక్కాక కూడా వాళ్ళని నటి అనరు, "విద్యార్థి" అనే అంటారు. టాప్ స్టార్ కూడా విద్యార్థే!!

వరంగల్_వనజ
పెండ్లి చేసుకుంటే మాత్రం బయటికే కదా. అదొక్కటి నాకు మింగుడు పడదు. నలభై ఏండ్ల ఆడమనిషిని విద్యార్థి అనుడు, పెండ్లయితే పొమ్మనుడు. స్టేజీ మీద ఎంత స్వేచ్ఛో, వెనక అంత కట్టుబాటు.

వేపకాయ
వనజ గారు దారిలోకి వచ్చారు. ఇంకో సంగతి ఎవరూ ఎత్తట్లేదు, నేనే ఎత్తుతా. 2023 సెప్టెంబర్‌లో ఆ విశ్వం బృందంలో 25 ఏళ్ళ అమ్మాయి చనిపోయింది. పని భారం, పై వాళ్ళ వేధింపులు అని కుటుంబం చెప్పింది. సంస్థ ముందు వేధింపులు లేవంది. 2024 మార్చిలో ఉన్నాయని ఒప్పుకుని కుటుంబానికి క్షమాపణ చెప్పింది. ఈకలు, మెట్లు, దీపాలు చూసి మురిసేముందు ఇది కూడా తెలిసి ఉండాలి.

హైదరాబాద్_మీను
తెలుసు. నేను ఆ వారం ఏడ్చాను. ఆ బృందం ఆటలు నెలల తరబడి ఆగిపోయాయి. తర్వాత వారానికి 10 ఆటలు ఉండేవాటిని 9 చేశారు. సరిపోయిందని నేను అనను. కానీ చూడటం మానేస్తే లోపల ఉన్న మిగతా సుమారు నాలుగొందల మంది అమ్మాయిలకి ఏం మేలు జరుగుతుంది?

వేపకాయ
మానేయమనలేదు. తెలిసి చూడమన్నా.

ఒసాకా_బాబాయ్
ఇద్దరూ సరిగానే చెప్పారు. ఇక్కడ కూడా అభిమానులే ఎక్కువ కోప్పడ్డారు. మా పక్కింటావిడ నలభై ఏళ్ళుగా ప్రతి నెలా వెళ్ళే మనిషి, ఆ శీతాకాలం వెళ్ళలేదు. మళ్ళీ వెళ్ళడం మొదలుపెట్టాక కూడా, వెళ్ళొచ్చి ముందులా కథ చెప్పడం మానేసింది.

తెనాలి_కోడలు
మేం వెళ్ళిన జనవరి అంటే ఇదంతా నడుస్తున్న రోజులే అన్నమాట. నాకు అప్పుడు సరిగ్గా తెలియదు. ఆఫీసావిడ టికెట్ గురించి చెప్తూ "ఈసారి వెళ్ళాలా వద్దా అని ఆలోచించాను" అంది. నేను ధర గురించేమో అనుకున్నా.

సత్తిపండు
సీరియస్ అయిపోయింది. ఒక డౌట్. ఇది ఎవడు మొదలుపెట్టాడు? ఏదైనా గుడి సంప్రదాయమా?

నిషికసాయి_నాని
మహిళల అభ్యున్నతి కోసం పెట్టారని చదివినట్టు గుర్తు.

ఒసాకా_బాబాయ్
అభ్యున్నతి కాదు నానీ, రైలు టికెట్లు. కొబయాషి ఇచిజో అని, ఇప్పటి హన్‌క్యూ రైల్వే పెట్టిన మనిషి. లైను వేశాడు, చివర తకరజుక అనే ఊరు. వేడినీటి బుగ్గలు తప్ప ఏమీ లేవు. అంత దూరం జనం ఎందుకు ఎక్కుతారు? స్నానాల రిసార్టు కట్టాడు. అందులో ఇంటి లోపలి ఈతకొలను కట్టాడు. అది అట్టర్ ఫ్లాప్. నీళ్ళు చల్లగా గడ్డకట్టేలా ఉండేవి, ఆడా మగా కలిసి దిగకూడదు. ఎవరూ రాలేదు. అప్పుడు ఆ కొలను మీద చెక్కలు పరిపించి, జనాన్ని కూర్చోబెట్టి, 1913లో చేర్చుకున్న అమ్మాయిలతో 1914 ఏప్రిల్‌లో మొదటి ఆట వేయించాడు. అక్కడ మొదలైంది ఇదంతా.

బెంజ్_సర్కిల్
ఫ్లాప్ అయిన స్విమ్మింగ్ పూల్ మీద వందేళ్ళ వ్యాపారం. మా వాడు ఫ్లాప్ అయిన ఫంక్షన్ హాల్ పెట్టుకుని ఏడుస్తున్నాడు, ఈ థ్రెడ్ పంపిస్తా.

రంగస్థలం_రంగడు
కొలను మీద నాటకం, బావుంది. మన సురభి వాళ్ళు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళిలో ఆడిన నాటకంతో మొదలయ్యారు. వాళ్ళకి రైల్వే యజమాని దొరకలేదు పాపం. ఒక తేడా చెప్పుకోవాలి. సురభిలో భార్యాభర్తలు, పిల్లలు, తాతలు అందరూ ఒకే నాటకంలో ఉంటారు. పెళ్ళయితే పొమ్మనరు, పెళ్ళయితే కొత్త నటి వచ్చినట్టు.

వరంగల్_వనజ
👆 గీ మాట మీద నేను వన్స్ మోర్ అంటున్న

నిషికసాయి_నాని
సరే బాబాయ్, రైలు టికెట్లే. ఒప్పుకున్నా.

కోడలు గారూ, ఈసారి వెళ్తే కొన్ని చూసుకోండి. ఒకటి, సీట్లో ముందుకి వంగకూడదు. వీపు కుర్చీకి ఆనించే ఉంచాలి. మీరు వంగితే వెనకావిడకి స్టేజీ పోతుంది. నాకు ఇది తెలియక యుద్ధం సీన్లో వంగా. మెల్లిగా భుజం మీద తట్టారు. నా జీవితంలో అంత మర్యాదగా ఎవరూ నన్ను తిట్టలేదు.

తెనాలి_కోడలు
అయ్యో, మాకు అదీ జరిగింది, చెప్పడం మర్చిపోయా. అత్తయ్య నెత్తి మీద పెద్ద ముడి వేసుకుని వచ్చారు, పండక్కి వెళ్తున్నట్టు. లోపల ఉన్న అమ్మాయి వచ్చి జపనీస్‌లో ఏదో చెప్పి మళ్ళీ మళ్ళీ వంగింది. వెనకవాళ్ళకి అడ్డం అని. అత్తయ్య అక్కడే ముడి విప్పేసి జడ వేసుకున్నారు. "నాటకం కోసం ఎవరైనా విప్పుకోవాల్సిందే" అన్నారు. అంత మంచావిడ కదా, వన్స్ మోర్ దగ్గర మాత్రం ఆగలేకపోయారు.

సత్తిపండు
భాష రాకుండా మూడు గంటలు ఏం అర్థమైంది ఆవిడకి?

తెనాలి_కోడలు
@సత్తిపండు కథ తెలిసిందేగా. సినిమా ఐదుసార్లు చూశారు. నాటకంలో భీమ్ వైపునుంచి చెప్పారు, గంటన్నర పైచిలుకులో మొత్తం కుదించేశారు. నేను మధ్యలో చెవిలో చెప్పబోతే "నువ్వూరుకో, నాకర్థమవుతోంది" అన్నారు. కొరడా దెబ్బల చోట కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చారు. పక్కన ఆ బిళ్ళావిడ కూడా ఏడుస్తోంది.

రెండో సగం కథేమీ లేదు. పాటలు, ఆటలు, బారులు తీరి కాళ్ళు ఎత్తి ఆడటం. అక్కడ అత్తయ్యకి కాస్త ఇబ్బందిగా ఉంటుందేమో అనుకున్నా. "ఎంత సమంగా ఎత్తుతున్నారే, ఒక్కళ్ళ కాలు కూడా తేడా రావట్లేదు" అని లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారు.

హైదరాబాద్_మీను
మెట్లు చెప్పండి మెట్లు!!

తెనాలి_కోడలు
మెట్లు. చివర్లో స్టేజీ వెడల్పు మొత్తం మెట్లు వచ్చేశాయి, దీపాలతో. చేతుల్లో గలగలలాడే ఏవో పట్టుకుని ఒక్కొక్కళ్ళే దిగుతున్నారు. ఒక్కరూ కాళ్ళకేసి చూడరు. ఆఖర్న ఆ భీముడు, వీపు మీద ఇంత పొడుగు తెల్లటి ఈకలు కట్టుకుని. అత్తయ్య చేతులు జోడించేశారు. "సుబ్రహ్మణ్యస్వామి నెమలి దిగి వచ్చినట్టుంది" అన్నారు. నాకు నవ్వు రాలేదు, నిజంగా అలాగే ఉంది.

హైదరాబాద్_మీను
26 మెట్లు!! ఒక్కో మెట్టు పాదం కన్నా తక్కువ వెడల్పు. ఈకలు 20 కిలోల దాకా ఉంటాయంటారు. చేతుల్లో ఉన్నవి షాన్‌షాన్. జనానికి దగ్గరగా ఆర్కెస్ట్రాకి ముందునుంచి వంతెనలా వెళ్తుంది చూశారా, అది గింక్యో, వెండి వంతెన. బి సీట్లలో కూర్చున్నా దాని మీద స్టార్ నడిస్తే నన్నే చూసింది అనిపిస్తుందట. నా ఫ్రెండ్ అంది.

వేపకాయ
మీను, నువ్వు అసలు ఒక్కసారైనా వెళ్ళావా?

హైదరాబాద్_మీను
...

హైదరాబాద్_మీను
డీవీడీలు చూశా. పదహారు. హైదరాబాద్ నుంచి విమానం టికెట్ ఎవరిస్తారు, మీరిస్తారా?

బెంజ్_సర్కిల్
నీలం కనురెప్పల గురించి యూట్యూబ్ చూసి చెప్పినాయన అడుగుతున్నాడు, వెళ్ళావా అని 😄

వేపకాయ
సరే, తగ్గుతున్నా. టికెట్ ఎలా దొరుకుతుందో చెప్పండి. వచ్చే ఏడాది ఆఫీసు పని మీద ఒసాకా వెళ్తున్నా. చూసే తిడతా.

ఒసాకా_బాబాయ్
అదీ మాట. టికెట్లు ఎక్కువగా లాటరీలో, అభిమానుల సంఘం సభ్యులకి ముందు వెళ్ళిపోతాయి. తర్వాత మామూలు అమ్మకం ఆన్‌లైన్లో ఉంటుంది, నిమిషాల మీద అయిపోతుంది. ఎక్కువ ధరకి అమ్మేవాళ్ళ దగ్గర మాత్రం కొనొద్దు, ఇక్కడ దానికి 2019 నుంచి చట్టం ఉంది. దొరక్కపోతే ఆఖరి రోజు ఆటని సినిమా హాళ్ళలో నేరుగా చూపిస్తారు, అది కూడా బావుంటుంది.

ఒసాకా-ఉమెదా నుంచి హన్‌క్యూ మెరూన్ రంగు రైలు ఎక్కు, అరగంట పైన కొద్దిగా పడుతుంది. స్టేషన్ నుంచి థియేటర్ దాకా పువ్వుల బాట అని చెర్రీ చెట్ల దారి. ఏప్రిల్ మొదట్లో అయితే ఆటకి గంట ముందే వెళ్ళు. పక్కనే బొమ్మల కథలు గీసిన తెజుక ఒసాము మ్యూజియం, ఆయన చిన్నప్పుడు ఆ ఊళ్ళోనే పెరిగాడు, ఈ నాటకాలు చూసే. మగవేషం వేసుకున్న రాకుమారి కథ రాసింది ఊరికే కాదు.

తెనాలి_కోడలు
@వేపకాయ కోబే నుంచి వచ్చేట్టయితే నిషినోమియా-కితగుచిలో రైలు మారండి. మేం తప్పు ప్లాట్‌ఫామ్ మీద పదిహేను నిమిషాలు నిలబడ్డాం. ఇంకొకటి, ఆట మొదలవడానికి ముందు మైకులో ఆ బృందం టాప్ స్టారే "స్వాగతం" చెప్తుంది, అప్పుడు కూడా చప్పట్లు కొట్టాలి. మేం ఏదో ఫోన్లు ఆపమంటున్నారు అనుకుని ఊరికే కూర్చున్నాం.

నిషికసాయి_నాని
కథ తెలిసిన నాటకం చూసుకోండి వేపకాయ గారూ. నేను చూసినప్పుడు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ లేవు. ముందే కథ చదువుకుని వెళ్ళండి. మన హిందీ సినిమా ఓం శాంతి ఓం కూడా 2017లో వేశారు, ఇదే నక్షత్రం బృందం. 1974లో మొదలైన వెర్సాయ్ గులాబీ ఇప్పటికీ వేస్తుంటారు, అది ఫ్రెంచి విప్లవం కథ కాబట్టి దారి తప్పరు. ఆర్ఆర్ఆర్ అయితే రాజమౌళి గారే టోక్యోలో చూసి, ఆ అమ్మాయిల శక్తిని తెగ మెచ్చుకుంటూ పోస్టు పెట్టారు.

సత్తిపండు
రాజమౌళి గారు ఈల వేశారా లేదా అది చెప్పండి

నిషికసాయి_నాని
నేను పక్క సీట్లో లేను బ్రో

రంగస్థలం_రంగడు
మూలప్రశ్న మిగిలిపోయింది. "వన్స్ మోర్" తప్పా ఒప్పా? నా ఉద్దేశం, ఎక్కడి పద్ధతి అక్కడ పాటించాలి. అదే సమయంలో, అది నటుడికి ఇచ్చే దక్షిణ. లోపల నుంచి వచ్చిన దక్షిణని తప్పు అనలేను. రెండూ నిజమే, ఏం చేయను.

ఒసాకా_బాబాయ్
రంగడు గారూ, దీనికి మందు ఉంది. జపాన్లోనే అరిచే నాటకం ఉంది, కాబుకి. అది పూర్తిగా తిరగేసిన లెక్క, అంతా మగాళ్ళే, ఆడవేషాలు కూడా. 1629లో ఆడవాళ్ళని స్టేజీ మీంచి నిషేధించినప్పటి నుంచి. అక్కడ నటుడు మంచి భంగిమ పట్టగానే పై అంతస్తు నుంచి ఆ నటుడి వంశం పేరు గట్టిగా అరుస్తారు. సరైన క్షణంలో అరవాలి. ముందైతే వెధవ, ఆలస్యమైతే వెధవ. దానికి పేరుపొందిన అరిచేవాళ్ళే ఉన్నారు. కోడలమ్మా, అత్తగారికి ఒక కాబుకి కూడా చూపించు. తెనాలి గొంతు వృథా పోదు.

రంగస్థలం_రంగడు
ఇది ముందే చెప్పొద్దూ! నేను కూడా పాస్‌పోర్టు తీసుకుంటున్నా.

తెనాలి_కోడలు
బాబాయ్ గారూ, అత్తయ్యకి చదివి వినిపించా. "అరవడానికి వేరే నాటకం ఎందుకు, నాకు ఆ అబ్బాయే కావాలి" అన్నారు. రెయి మకొతొ 2025 ఆగస్టులో తకరజుక వదిలి వెళ్ళిపోయిందని చెప్పాల్సి వచ్చింది. ఫోన్లో కాసేపు మాట లేదు. తర్వాత, "పెళ్ళా?" అన్నారు. కాదు అత్తయ్యా, వాళ్ళు కొన్నేళ్ళకి వెళ్ళిపోతారు, అది పద్ధతి అన్నా. "మరి ఆ మెట్లు ఎవరు దిగుతారు?" అన్నారు. కొత్తవాళ్ళు దిగుతారు అన్నా. "సరే, వాళ్ళనే చూద్దాం" అన్నారు.

కాబట్టి తీసుకెళ్తున్నా. లాటరీ వేశాను.

హైదరాబాద్_మీను
నాకు కళ్ళలో ఏదో పడింది

సత్తిపండు
ఇంతకీ ఆ బిళ్ళ ఏ ఫ్లేవరు?

తెనాలి_కోడలు
ఉమెబోషి, ఇక్కడి ఉప్పులో ఊరబెట్టిన పండు. పుల్లగా, ఉప్పగా. అత్తయ్య చప్పరిస్తూ "ఏమ్మా, వీళ్ళకి ఇక్కడ చింతపండు దొరుకుతుందా" అన్నారు. ఈసారి పక్క సీటావిడకి బదులు ఇవ్వాలని కిలో జీళ్ళు సూట్‌కేసులో పెట్టారట.

బెంజ్_సర్కిల్
జీడి మీ అత్తగారే ఒకటి నోట్లో వేసుకుంటే చాలు. పళ్ళకి అంటుకుంటుంది, వన్స్ మోర్ బయటికి రాదు. సమస్య తీరింది.

తెనాలి_కోడలు
మా అత్తయ్య సంగతి మీకు తెలీదు.